మింట్ 22లో అప్‌డేట్స్ రావట్లేదు: "రిలీజ్ ఫైల్ లేదు", "నో పబ్‌కీ" ఎర్రర్లు

మింట్‌మిత్ర
అందరికీ నమస్కారం. నాది లినక్స్ మింట్ 22, సినమన్ డెస్క్‌టాప్. ఈ మధ్య రెండు అప్లికేషన్ల కోసం, వాటి సైట్లలో చెప్పిన పద్ధతిలోనే కొత్త రిపాజిటరీలు (ప్యాకేజీలు దించుకునే సర్వర్ అడ్రసులు) చేర్చాను. ఒకటి నోట్స్ రాసుకునే యాప్, రెండోది స్క్రీన్ రికార్డర్. అప్పటి నుంచి అప్‌డేట్ మేనేజర్ తెరిస్తే చాలు, లిస్టు రిఫ్రెష్ చేయలేకపోయానంటూ ఎర్రర్ చూపిస్తోంది. నెట్ బాగానే ఉంది, బ్రౌజర్ బాగానే పనిచేస్తోంది. సెక్యూరిటీ అప్‌డేట్స్ కూడా ఆగిపోయాయేమోనని టెన్షన్‌గా ఉంది. మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తుందా?

ఫాస్ట్‌బూట్
ఇది తేలికే. ఆ రిపాజిటరీ లైన్‌లో బ్రాకెట్ పెట్టి ట్రస్టెడ్=ఎస్ అని రాయండి. ఇక కీ (రిపాజిటరీ సంతకం సరిచూసేది) అడగదు.

పాతకెర్నెల్
దయచేసి అది మాత్రం చేయకండి, ఎందుకో కింద చెబుతాను. రీఇన్‌స్టాల్ అవసరం అసలే లేదు. ముందు టెర్మినల్ తెరిచి సుడో ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, వచ్చినదంతా పై లైన్ నుంచి ఇక్కడ పెట్టండి. చివరి లైన్ ఒక్కటే పెడితే మేం ఊహించడం తప్ప చేయగలిగింది లేదు. ఇన్‌క్సీ -ఆర్ కూడా కొట్టండి, మీ సిస్టమ్‌లో ఉన్న రిపాజిటరీలన్నీ ఏ ఫైల్‌లో ఏ లైన్ ఉందో సహా చూపిస్తుంది.

మింట్‌మిత్ర
ఇదిగోండి. రెండు సైట్ల అడ్రసులు తీసేశాను, మిగతాది ఉన్నదున్నట్టే.

హిట్:1 ఆర్కైవ్.ఉబుంటు.కామ్ నోబుల్ ఇన్‌రిలీజ్
ఇగ్న్:2 ప్యాకేజెస్.లినక్స్‌మింట్.కామ్ విల్మా ఇన్‌రిలీజ్
హిట్:3 ప్యాకేజెస్.లినక్స్‌మింట్.కామ్ విల్మా రిలీజ్
గెట్:4 సెక్యూరిటీ.ఉబుంటు.కామ్ నోబుల్-సెక్యూరిటీ ఇన్‌రిలీజ్
ఇగ్న్:5 నోట్స్ యాప్ సైట్, విల్మా ఇన్‌రిలీజ్
ఎర్:6 నోట్స్ యాప్ సైట్, విల్మా రిలీజ్: 404 నాట్ ఫౌండ్
గెట్:7 రికార్డర్ సైట్, స్టేబుల్ ఇన్‌రిలీజ్
ఎర్:7 రికార్డర్ సైట్, స్టేబుల్ ఇన్‌రిలీజ్: సంతకాలు వెరిఫై చేయలేకపోయాం, పబ్లిక్ కీ అందుబాటులో లేదు, నో_పబ్‌కీ, ఆ తర్వాత 16 అక్షరాల నంబర్

ఇన్‌క్సీలో ఈ రెండూ సోర్సెస్.లిస్ట్.డి ఫోల్డర్‌లో వేర్వేరు ఫైళ్లుగా కనిపిస్తున్నాయి. రెండో లైన్‌లో మింట్ సొంత సైటుకే ఇగ్న్ అని వచ్చింది. అది కూడా పాడైందా?

పాతకెర్నెల్
దానికి కంగారు పడొద్దు. ఆప్ట్ (ప్యాకేజీలు తెచ్చి ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్) ముందు ఇన్‌రిలీజ్ అనే ఫైల్ కోసం చూస్తుంది. ఆ ఫైల్ లేకపోతే ఇగ్న్ అని రాసి, రిలీజ్ అనే ఫైల్‌నూ, దాని సంతకం ఉన్న వేరే ఫైల్‌నూ అడుగుతుంది. మీ మూడో లైన్‌లో అది దొరికింది కాబట్టి హిట్ వచ్చింది. మింట్ సర్వర్ విషయంలో ఇది మామూలే. హిట్ అంటే ఉన్నదే తాజాది, మళ్లీ తేనక్కర్లేదు. గెట్ అంటే కొత్తగా దించుకుంటోంది. ఎర్ ఒక్కటే అసలు సమస్య.

మీ నాలుగో లైన్ చూడండి. సెక్యూరిటీ లిస్టు చక్కగా దిగింది. బయటివాళ్ల రిపాజిటరీ ఒకటి ఫెయిలైనంత మాత్రాన ఆప్ట్ మిగతావాటిని వదిలేయదు. కాబట్టి ఆ టెన్షన్ పెట్టుకోకండి.

ఇక మీవి రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేని సమస్యలు. ఒకే మందు వేస్తే రెండూ తగ్గవు.

సుడోసాధన
ఆరో లైన్ సంగతి నేను చెబుతాను, మింట్ వాడేవాళ్లకు తరచూ ఎదురయ్యేది ఇదే.

విల్మా అనేది మింట్ 22 సొంత పేరు. మింట్ 22కి పునాది ఉబుంటు 24.04, దాని పేరు నోబుల్. నోట్స్ యాప్ వాళ్ల సర్వర్‌లో ఉబుంటు, డెబియన్ పేర్లతోనే ఫోల్డర్లు ఉంటాయి, విల్మా అనే ఫోల్డర్ ఉండదు. మరి మీ ఫైల్‌లోకి విల్మా ఎలా వచ్చిందంటే, వాళ్లు ఇచ్చిన కమాండ్‌లో ఎల్‌ఎస్‌బీ_రిలీజ్ -సీఎస్ అనే ముక్క ఉండి ఉంటుంది. ఉబుంటులో అది నోబుల్ అని ఇస్తుంది, మింట్‌లో విల్మా అని ఇస్తుంది. కమాండ్ రాసినవాళ్లు ఉబుంటును మాత్రమే మనసులో పెట్టుకున్నారు.

ఒకసారి క్యాట్ /ఈటీసీ/ఓఎస్-రిలీజ్ కొట్టి చూడండి. అందులో వెర్షన్_కోడ్‌నేమ్ విల్మా అనీ, ఉబుంటు_కోడ్‌నేమ్ నోబుల్ అనీ వేర్వేరుగా కనిపిస్తాయి. బయటి రిపాజిటరీలకు కావాల్సింది రెండోది.

మార్చడానికి టెర్మినల్ కూడా అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ సోర్సెస్ తెరిచి, అడిషనల్ రిపాజిటరీస్‌లో ఆ లైన్‌ను ఎంచుకుని, ఎడిట్ నొక్కి విల్మా ఉన్నచోట నోబుల్ అని రాయండి. అన్నీ చిన్న అక్షరాలే.

ఫాస్ట్‌బూట్
ఒక్కో లైన్ మార్చడం దేనికి? సెడ్ కమాండ్‌తో ఆ ఫోల్డర్‌లో విల్మా ఉన్న ప్రతిచోటా నోబుల్ పెట్టేస్తే ఒక్క దెబ్బకు అయిపోతుంది కదా.

సుడోసాధన
అలా చేస్తే అసలు సిస్టమే చెడుతుంది. అఫీషియల్-ప్యాకేజ్-రిపాజిటరీస్ అనే ఫైల్ ఆ ఫోల్డర్‌లోనే ఉంది. అందులో మింట్ సర్వర్‌కు విల్మా, ఉబుంటు సర్వర్‌కు నోబుల్ ఉంటాయి, రెండూ సరైనవే. మింట్ సర్వర్ లైన్‌లో నోబుల్ పెట్టారంటే అక్కడ అలాంటి ఫోల్డర్ లేదు, ఇప్పుడు బయటి సైటుకు వస్తున్న 404 మింట్‌కే వస్తుంది. ఆ ఫైల్ జోలికి వెళ్లొద్దు. ఎర్ వచ్చిన లైన్‌నే మార్చండి.

మింట్‌మిత్ర
మార్చాను. ఆరో లైన్ స్థానంలో ఇప్పుడు గెట్ అని వచ్చింది, 404 పోయింది. ఓఎస్-రిలీజ్‌లో కూడా మీరు చెప్పినట్టే రెండు పేర్లూ ఉన్నాయి. నో_పబ్‌కీ మాత్రం అలాగే ఉంది. ట్రస్టెడ్=ఎస్ ఎందుకు వద్దో చెబుతానన్నారు.

పాతకెర్నెల్
కొంచెం వివరంగానే చెబుతాను.

ఇన్‌రిలీజ్ ఫైల్‌పై రిపాజిటరీ నడిపేవాళ్ల సంతకం ఉంటుంది. ఆ ఫైల్ లోపల ప్యాకేజెస్ అనే లిస్టుల హ్యాష్‌లు (ఫైల్ మారిందో లేదో తేల్చే కోడ్‌లు) ఉంటాయి. ఆ లిస్టుల్లో ఒక్కో డెబ్ ఫైల్ (ఇన్‌స్టాల్ చేసే ప్యాకేజీ) హ్యాష్ ఉంటుంది. అంటే మీరు దించుకున్న డెబ్ సరైనదేనని తేల్చేది లిస్టు, లిస్టు సరైనదని తేల్చేది ఇన్‌రిలీజ్, దాన్ని నమ్మేది సంతకాన్ని బట్టి. రిపాజిటరీ మామూలు హెచ్‌టీటీపీలో ఉన్నా ఆప్ట్ నిశ్చింతగా పనిచేసేది ఈ గొలుసు వల్లే. దారిలో ఎవరైనా ఒక్క బైట్ మార్చినా దొరికిపోతుంది.

ట్రస్టెడ్=ఎస్ అనగానే ఆ గొలుసు మొదటి కొక్కెం ఊడిపోతుంది. డెబ్ ప్యాకేజీలో ఇన్‌స్టాల్ అయ్యాక నడిచే పోస్ట్‌ఇన్‌స్ట్ అనే స్క్రిప్ట్ ఉండొచ్చు, అది రూట్ (సిస్టమ్ మొత్తంపై అధికారం) హక్కులతో నడుస్తుంది. సంతకం చూడకుండా ప్యాకేజీని లోపలికి రానివ్వడమంటే, ఎవరు రాశారో తెలియని స్క్రిప్ట్‌కు మీ పాస్‌వర్డ్ ఇచ్చి కూర్చోబెట్టడమే. ఈ ఒక్క లైన్‌తో సమస్య తీరిందని సలహాలిచ్చే పోస్టులు నెట్‌లో ఎన్నో ఉన్నాయి. అవి చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే సరైన పరిష్కారానికి దానికన్నా ఎక్కువ పనేమీ పట్టదు.

సుడోసాధన
కీ ఎక్కడ పెట్టారు, ఆ రిపాజిటరీ లైన్‌లో సైన్డ్-బై (ఏ కీతో సరిచూడాలో చెప్పేది) అని ఏ పాత్ ఉంది? దానితోపాటు ఆ కీ ఫైల్‌పై ఫైల్ కమాండ్, ఎల్‌ఎస్ -ఎల్ రెండూ నడిపి ఏం వచ్చిందో పెట్టండి.

మింట్‌మిత్ర
కీ /ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్ లో రికార్డర్.జీపీజీ అనే పేరుతో ఉంది. సైన్డ్-బై కూడా అదే పాత్ చూపిస్తోంది. ఫైల్ కమాండ్ "పీజీపీ పబ్లిక్ కీ బ్లాక్" అని చెప్పింది. పర్మిషన్లు ఆర్‌డబ్ల్యూ, తర్వాత రెండుచోట్లా ఆర్. ఇంకో విషయం, మొదట గమనించలేదు: కింద వార్నింగుల్లో ఈ కీరింగ్ ఫైల్ టైప్ సపోర్ట్ లేనిది కాబట్టి పట్టించుకోవట్లేదని ఒక లైన్ ఉంది.

సుడోసాధన
ఆ వార్నింగ్‌లోనే జవాబుంది. కీ ఫైళ్లు రెండు రకాలు. ఒకటి బైనరీ, దానికి .జీపీజీ అని పేరుండాలి. రెండోది టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే బిగిన్ పీజీపీ పబ్లిక్ కీ బ్లాక్ అని మొదలయ్యే టెక్స్ట్ రకం, దానికి .ఏఎస్‌సీ అని పేరుండాలి. మీ వెర్షన్ ఆప్ట్ పేరు చివరి భాగాన్ని చూసే ఫైల్ ఏ రకమో నిర్ణయించుకుంటుంది. మీ దగ్గరున్నది టెక్స్ట్ కీ, పేరేమో బైనరీది. అందుకే కీ కళ్ల ముందే ఉన్నా ఆప్ట్‌కు లేనట్టే లెక్క.

ఫైల్ పేరును రికార్డర్.ఏఎస్‌సీ అని మార్చి, సైన్డ్-బైలో కూడా అలాగే మార్చండి. లేదా జీపీజీ --డీఆర్మర్‌తో బైనరీగా మార్చుకోవచ్చు. మొదటిదే సులువు.

పర్మిషన్లు బాగానే ఉన్నాయి. ఈ థ్రెడ్ చదివే వేరేవాళ్ల కోసం చెబుతున్నా: సంతకాలు చూసే పనిని ఆప్ట్ రూట్‌గా చేయదు, _ఆప్ట్ అనే వేరే యూజర్‌గా చేస్తుంది. కీ ఫైల్‌ను రూట్ మాత్రమే చదవగలిగితే సరిగ్గా ఇదే నో_పబ్‌కీ వస్తుంది. అప్పుడు సీహెచ్‌మోడ్ 644 (అందరూ చదవగలిగేలా చేసేది) చాలు. ఇంకొందరికి ఫైల్ కమాండ్ "హెచ్‌టీఎంఎల్ డాక్యుమెంట్" అని చూపిస్తుంది. అంటే వాళ్లు దించుకున్నది కీ కాదు, సైట్ ఇచ్చిన ఎర్రర్ పేజీ.

పాతకెర్నెల్
పేరు మార్చే ముందు ఇంకొక్క పని. జీపీజీ --షో-కీస్ --విత్-సబ్‌కీ-ఫింగర్‌ప్రింట్ అని ఆ ఫైల్‌పై నడపండి. 40 అక్షరాల ఫింగర్‌ప్రింట్ వస్తుంది. ఎర్రర్‌లో వచ్చిన 16 అక్షరాలు ఆ ఫింగర్‌ప్రింట్లలో ఒకదాని చివరి 16తో సరిపోవాలి. సబ్‌కీతో సంతకం చేసేవాళ్లూ ఉంటారు, అందుకే సబ్‌కీలు కూడా చూడమన్నాను. ఏదీ సరిపోకపోతే వాళ్లు కీ మార్చినట్టు, కొత్తది వాళ్ల అసలు సైట్ నుంచే తెచ్చుకోవాలి. నో_పబ్‌కీ బదులు ఎక్స్‌పీకీసిగ్ అని వస్తే కీ గడువు తీరిపోయిందని అర్థం, దానికీ ఇదే దారి.

ఆప్ట్-కీ యాడ్ వాడమనే పాత సూచనలు కనిపిస్తే పక్కన పెట్టండి. అలా చేర్చిన కీని అన్ని రిపాజిటరీలకూ చెల్లుబాటు అయ్యేదిగా ఆప్ట్ లెక్కేస్తుంది. రికార్డర్ తయారుచేసేవాళ్ల కీతో ఉబుంటు పేరిట వచ్చే ప్యాకేజీలు కూడా నమ్మాల్సిన అవసరం మీకు లేదు కదా. సైన్డ్-బై పెట్టేది ఎవరి కీ వాళ్లకే పరిమితం కావాలని.

డ్యూయల్‌బూట్
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాకూ రిలీజ్ ఫైల్ ఎర్రరే, కానీ ఫైల్ ఉందంటుంది, "ఇంకా చెల్లుబాటులోకి రాలేదు, ఇన్ని గంటలు ఆగాలి" అంటోంది. హెచ్‌టీటీపీఎస్ ఉన్న రిపాజిటరీలకు మాత్రం సర్టిఫికెట్ వెరిఫై కాలేదని వస్తోంది. ఇదీ కీ సమస్యేనా?

పాతకెర్నెల్
కాదండీ, మీ కంప్యూటర్ గడియారం వెనకబడింది. రిలీజ్ ఫైల్‌పై తయారైన తేదీ ఉంటుంది. మీ గడియారం ప్రకారం అది రేపటి ఫైల్, అందుకే ఆప్ట్ ఒప్పుకోదు. సర్టిఫికెట్లకూ ఇదే గొడవ. టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి తేదీ, టైమ్‌జోన్, ఎన్‌టీపీ (నెట్ నుంచి టైమ్ సరిచేసుకునేది) ఆన్‌లో ఉందా చూడండి. లేకపోతే సుడో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ట్రూ. కంప్యూటర్ ఆపి ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయినట్టే. ఎక్కువ బోర్డుల్లో ఉండేది సీఆర్2032.

కొన్ని గంటలే తేడా ఉంటే, ఇంకో వైపున్న విండోస్ కారణం కావచ్చు. విండోస్ మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం రాస్తుంది, లినక్స్ అందులో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉందనుకుంటుంది.

డ్యూయల్‌బూట్
తేదీ చాలా వెనక ఉంది, ఎన్‌టీపీ ఆఫ్‌లో ఉంది. ఆన్ చేయగానే అన్నీ హిట్, గెట్ వచ్చాయి. థాంక్యూ సార్. కానీ అప్‌గ్రేడ్ మొదలుపెడితే లాక్ దొరకలేదని ఆగిపోయింది.

ఫాస్ట్‌బూట్
/వార్/లిబ్/డీపీకేజీ లోపల లాక్-ఫ్రంట్‌ఎండ్ అనే ఫైల్ ఉంటుంది. డిలీట్ చేయండి, పోతుంది.

సుడోసాధన
దీన్ని కూడా ఆపాల్సిందే. ఆ ఫైల్ ఉన్నంత మాత్రాన లాక్ ఉన్నట్టు కాదు, అది ఎప్పుడూ అక్కడే ఉంటుంది. అసలు తాళం వేసేది దాన్ని తెరిచి పట్టుకున్న ప్రాసెస్, గుర్తుపెట్టుకునేది కెర్నెల్. ఫైల్ తీసేస్తే లోపల పనిచేస్తున్న ప్రాసెస్ ఆగదు. మీరు నడిపే రెండో ఆప్ట్ కొత్త ఫైల్ చేసుకుని, ఎవరూ లేరనుకుని అదే డేటాబేస్‌లో రాయడం మొదలుపెడుతుంది. డీపీకేజీ డేటాబేస్ (ఏ ప్యాకేజీలు ఉన్నాయో రాసి ఉండేది) చెడిందంటే బాగుచేయడం నిజంగా కష్టం.

ఎర్రర్‌లో లాక్ ఎవరి దగ్గరుందో పేరు, నంబర్‌తో సహా ఉంటుంది చూడండి. అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్ పేరు కనిపిస్తే సిస్టమ్ తనంతట తానే సెక్యూరిటీ అప్‌డేట్స్ వేసుకుంటోంది. చాలాసేపు ఆఫ్‌లో ఉన్న మెషీన్ ఆన్ చేయగానే ఇది సహజం. ఆగండి, దానంతట అదే వదిలేస్తుంది.

ఎప్పుడైనా మధ్యలో కరెంటు పోయి ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగితే ముందు సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ, తర్వాత సుడో ఆప్ట్ -ఎఫ్ ఇన్‌స్టాల్. వరుస అదే.

డ్యూయల్‌బూట్
అవును, అన్‌అటెండెడే. ఆగితే వదిలేసింది, అప్‌గ్రేడ్ నడుస్తోంది.

మింట్‌మిత్ర
ఫింగర్‌ప్రింట్ సరిపోయింది, సబ్‌కీదే. పేరు .ఏఎస్‌సీ చేశాను, సైన్డ్-బై మార్చాను. ఎర్ ఒక్కటీ లేదు! ఇంత చిన్న విషయమని అసలు ఊహించలేదు. ఇప్పుడు ఒక నోటీసు మిగిలింది: రికార్డర్ రిపాజిటరీ ఐ386 ఆర్కిటెక్చర్‌ను సపోర్ట్ చేయదట.

సుడోసాధన
ఎన్ అని మొదలైతే సమాచారం మాత్రమే. మీ సిస్టమ్‌లో 32 బిట్ ప్యాకేజీలకు కూడా అనుమతి ఉంది, ఆప్ట్ ప్రతి రిపాజిటరీనీ వాటి లిస్టు అడుగుతుంది, రికార్డర్ వాళ్లు 64 బిట్ మాత్రమే ఇస్తున్నారు. సైన్డ్-బై ఉన్న బ్రాకెట్‌లోనే ఆర్చ్=ఏఎండీ64 చేర్చండి. డీపీకేజీలోంచి ఐ386ను తీసేయమని ఎవరైనా చెబితే వినకండి, వైన్ (విండోస్ ప్రోగ్రాములు నడిపేది) లాంటివి దానిమీదే ఆధారపడతాయి.

ఉబుంటుయూజర్
నా పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 23.10 ఉంది. దాంట్లో 404 ఒక్క లైన్‌కు కాదు, ఉబుంటు సొంత రిపాజిటరీలన్నిటికీ వస్తోంది. మిర్రర్ (అవే ఫైళ్ల కాపీ ఉండే వేరే సర్వర్) మార్చి చూశాను, అక్కడా అదే. పేర్లన్నీ మ్యాంటిక్ అనే ఉన్నాయి, తప్పేమీ కనబడట్లేదు.

పాతకెర్నెల్
పేరు తప్పు కాదు, దాని కాలం అయిపోయింది. ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే రకం) కాని ఉబుంటు వెర్షన్లకు సపోర్ట్ 9 నెలలే. 23.10 సపోర్ట్ 2024 జూలైలో ముగిసింది. ఆ తర్వాత వాటిని మామూలు సర్వర్ల నుంచి తీసి ఓల్డ్-రిలీజెస్.ఉబుంటు.కామ్‌కు తరలిస్తారు. ఏ మిర్రర్‌లోనూ దొరకనిది అందుకే.

సోర్సెస్‌లో ఆర్కైవ్, సెక్యూరిటీ రెండు అడ్రసులనూ ఓల్డ్-రిలీజెస్‌గా మార్చి, అప్‌డేట్, అప్‌గ్రేడ్ పూర్తిచేసి, డూ-రిలీజ్-అప్‌గ్రేడ్‌తో 24.04కి వెళ్లండి. అది ఎల్‌టీఎస్, మామూలు సపోర్టే 5 ఏళ్లు. ముఖ్యమైన ఫైళ్లు ముందే వేరే డిస్క్‌లోకి తీసుకోండి. ఓల్డ్-రిలీజెస్ అడ్రస్ పెట్టుకుని అక్కడే ఆగిపోవద్దు. ఎర్రర్లు పోతాయి గానీ ఒక్క కొత్త సెక్యూరిటీ ప్యాచ్ కూడా రాదు.

డెబియన్‌దారి
డెబియన్ వాళ్లకు దీనికి దగ్గరి విషయం ఒకటి. సోర్సెస్‌లో వెర్షన్ పేరు బదులు స్టేబుల్ అని రాసుకుంటే, కొత్త వెర్షన్ విడుదలయ్యాక కోడ్‌నేమ్ విలువ మారిందని ఆప్ట్ ఆగి అడుగుతుంది. అది మంచికే. అలా రాసుకున్నవాళ్లు తెలియకుండానే కొత్త వెర్షన్‌లోకి జారిపోకుండా ఆపుతుంది. ఉన్న వెర్షన్‌లోనే ఉండాలంటే స్టేబుల్ బదులు బుక్‌వార్మ్ (డెబియన్ 12) లాగా పేరుతో రాసుకోండి; కొత్తదానికి కావాలనే వెళ్తుంటే, ఆ మార్పు నిజమే అనుకున్నాక --అలౌ-రిలీజ్ఇన్ఫో-చేంజ్‌తో ఒకసారి అప్‌డేట్ చేస్తే చాలు. డెబియన్ 10 నుంచి వస్తున్నవాళ్లు సెక్యూరిటీ లైన్ కూడా చూసుకోవాలి. 11 (పేరు బుల్స్ఐ) నుంచి బుల్స్ఐ/అప్‌డేట్స్ కాదు, బుల్స్ఐ-సెక్యూరిటీ. పాత అలవాటులో రాస్తే రిలీజ్ ఫైల్ లేదనే వస్తుంది.

ఫాస్ట్‌బూట్
నాకు అప్పుడప్పుడు హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్ వస్తుంది. నేను ఫోర్స్ ఆప్షన్లు వెతుకుతుంటాను. దానికీ వేరే దారి ఉందా?

సుడోసాధన
ఉంది. పైన పాతకెర్నెల్ గారు చెప్పిన గొలుసులో మధ్య కొక్కెం తెగిందన్నమాట, దించుకున్నది లిస్టులో రాసినదానితో సరిపోలేదు. ఎక్కువసార్లు మిర్రర్ తాజా కావడంలో మధ్యలో ఉంటుంది. కాసేపు ఆగండి, లేదా సాఫ్ట్‌వేర్ సోర్సెస్‌లో వేరే మిర్రర్ ఎంచుకోండి. అయినా పోకపోతే సుడో ఆప్ట్ క్లీన్ చేసి, /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్ లోపలివి తీసేసి మళ్లీ అప్‌డేట్ చేయండి. అవి దించుకున్న లిస్టులే, తీసేస్తే నష్టం లేదు.

ఏ మిర్రర్ పెట్టినా, వేర్వేరు ఫైళ్లకు పదేపదే వస్తుంటే రెండు చూడాలి. నెట్‌వర్క్‌లో పాత కాపీలు ఇచ్చే ప్రాక్సీ ఉందా అని ఒకటి. వేరే నెట్‌వర్క్‌లో ప్రయత్నిస్తే తెలిసిపోతుంది. రెండోది ర్యామ్. ర్యామ్ చెడితే డేటా మారిపోతుంది, హ్యాష్ సరిపోదు. మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రామ్) రాత్రంతా నడపండి.

ఫాస్ట్‌బూట్
వేరే నెట్‌వర్క్‌లో కూడా వస్తోంది, ప్రతిసారీ వేరే ఫైల్. ఈ రాత్రికి మెమ్‌టెస్ట్ పెడుతున్నాను.

మింట్‌మిత్ర
ఆర్చ్ చేర్చాను, నోటీసు కూడా పోయింది. అప్‌డేట్ మేనేజర్ లిస్టు చూపిస్తోంది, అందులో కెర్నెల్ ఒకటుంది. టైమ్‌షిఫ్ట్‌తో స్నాప్‌షాట్ తీసి ఇన్‌స్టాల్ నొక్కాను. సుడోసాధన గారికీ, పాతకెర్నెల్ గారికీ చాలా థాంక్స్. నోట్స్ యాప్ వాళ్లకు ఈమెయిల్ పెట్టాను, వాళ్ల పేజీలో మింట్ వాళ్లు ఉబుంటు_కోడ్‌నేమ్ వాడాలని ఒక లైన్ చేర్చమని. ఈ థ్రెడ్‌ను పరిష్కారమైందని మార్క్ చేస్తున్నాను. ఫాస్ట్‌బూట్ గారూ, మెమ్‌టెస్ట్ ఫలితం మాత్రం ఇక్కడే రాయండి.